కీబోర్డు పలకని పూట

"టైపిస్టు సిద్ధంగా లేనందున విచారణ వాయిదా వేయడమైనది."

పదకొండేళ్లలో ఈ వాక్యాన్ని ఆమె ఎన్నిసార్లు టైపు చేసిందో ఆమెకే గుర్తు లేదు. కరెంటు పోయినా ఇదే వాక్యం. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా ఇదే. కంపెనీ తరఫు లాయరు ఆలస్యంగా ఊడిపడి, అధికారి దగ్గరికి వంగి గుసగుసలాడి వెళ్లినా ఇదే. సిద్ధంగా లేనిది ఎవరో హాల్లో ఉన్న బెంచీలకు కూడా తెలుసు. అయినా నింద ఆమెది, దాన్ని అచ్చు వేయాల్సిన వేళ్లు కూడా ఆమెవే. తన మీద నేరం తనే టైపు చేసి, కింద అధికారి సంతకానికి చోటు వదిలి, ప్రింటు తీసి, చేతులు కట్టుకుని నిలబడేది.

"ఇది అన్యాయం అని ఒక్కసారి కూడా అనలేదా?" అని నేను అడిగితే నవ్వేసింది.

"కాంట్రాక్టు మనిషిని. ఏడాదికోసారి కాగితం మీద సంతకం పడితేనే నేను అక్కడున్నట్టు. నోరు తెరిస్తే ఆ సంతకం పడదు. అయినా ఆ వాక్యం ఎవరు చదువుతారులే అనుకున్నా."

చదివేవాళ్లు ఉన్నారు. వాయిదా పడ్డ ప్రతి కార్మికుడూ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్లి, "ఆ టైపు చేసే ఆవిడ వల్ల మన కేసు ఆగింది" అని పెళ్లాంబిడ్డలతో చెప్పుకున్నాడు. ఆమెది లాంటి ఇంటికే వెళ్లి, ఆమెలాంటి ఇల్లాలితోనే చెప్పుకున్నాడు.

కార్మిక తగాదాల విచారణ హాలు అది, రెండో అంతస్తు. పొడవాటి గది. ఒక చివర ఎత్తయిన బల్ల, వెనక అధికారి. బల్ల కింద మెట్టు దగ్గర ఆమె చిన్న మేజా. కుర్చీ ఒక కాలు పొట్టిది, కింద మడిచిన అట్టముక్క. కిటికీ తెరిస్తే బస్సుల హారన్లు, మూస్తే ఉక్కపోత. ఆ హాల్లో అందరూ ఆమెను టకటకమ్మ అంటారు. పాత కీబోర్డు మీద ఆమె టైపు చేస్తుంటే రేకుల కప్పు మీద వడగళ్లు పడినట్టుండేదట. సాయంత్రం ఇంటికి వెళ్తే అత్తగారు ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒక్కో వేలూ లాగి మెటికలు విరుస్తుంది. "నా కొడుకు మిషను కుట్టి కాళ్లు పోగొట్టుకుంటున్నాడు, నువ్వేమో వేళ్లు. ఇద్దరినీ కలిపితే ఒక మనిషి మిగులుతారు" అని వేళాకోళం ఆడుతుంది. భర్త దుస్తుల కార్ఖానాలో దర్జీ.

మూడు వారాల కిందట ఆఫీసును ఆధునికం చేశారు. అంటే, తీగ ఉన్న కీబోర్డులన్నీ తీసుకుపోయి, వేలానికని స్టోరులో పెట్టి సీలు వేశారు. బదులుగా తీగ లేనివి ఇచ్చారు. వాటితో పాటే ఒక కొత్త ఉత్తర్వు వచ్చింది: ఇకపై సాక్ష్యం నేరుగా కంప్యూటరులోకే ఎక్కాలి, చేత్తో రాసిన సాక్ష్యం చెల్లదు. ఇంకోటి పాతదే, ఆ అధికారి సొంత పద్ధతి. పన్నెండులోపు మొదలైన సాక్ష్యం ఎంతసేపు పట్టినా ఆ రోజే పూర్తి చేస్తాడు. పన్నెండు దాటితే వాయిదా. ఒక్క నిమిషం దాటినా అంతే.

కీబోర్డు ఆగిన ఆ రోజు సాక్షి పింగాణీ కార్ఖానాలో ముప్ఫై ఏళ్లు పనిచేసిన ముసలాయన. గ్రైండింగు షెడ్డులో పొడి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయి. ఆయనతో పాటు పనిచేసి, అదే జబ్బు తెచ్చుకున్న పదిహేడు మంది పరిహారం కేసు అది. షెడ్డులో ఏం జరిగిందో కళ్లారా చూసి చెప్పగలిగిన సాక్షులు నలుగురు. ముగ్గురు వాయిదాల మధ్యలోనే పోయారు. మిగిలింది ఈయన. రెండు అంతస్తులు ఎక్కించడానికి కూతురికి ముప్పావు గంట పట్టింది. మెట్టుకో నిమిషం కూర్చోబెట్టి తెచ్చింది. డాక్టరు ముందే చెప్పేశాడు, ఇంకోసారి ఈ మనిషిని ఇల్లు కదల్చొద్దని. కార్మికుల తరఫున లాయరు లేడు. పెట్టుకునే స్తోమత లేక, కూతురే ప్లాస్టిక్ సంచీలో కాగితాలు పట్టుకుని నిలబడింది.

పదకొండూ పదికి కేసు పిలిచారు. టకటకమ్మ కీబోర్డు అడుగున ఉన్న స్విచ్చు జరిపింది. మూలన వెలగాల్సిన ఆకుపచ్చ లైటు వెలగలేదు.

మళ్లీ వెనక్కి జరిపి, ముందుకు జరిపింది. లేదు. మీట నొక్కి చూసింది. తెర మీద గీత అలాగే మిణుకుమంటూ నిలబడింది.

"ఏమ్మా?" అన్నాడు అధికారి.

"ఒక్క నిమిషం సార్."

నిన్న సాయంత్రం దాకా బంగారంలా పనిచేసింది. కంప్యూటరు వెనక గుచ్చిన రిసీవరు తప్పయితే కీబోర్డు లైటు వెలిగి, అక్షరం మాత్రం పడదు. ఇక్కడ లైటే లేదు. అంటే లోపలికి కరెంటే అందడం లేదు. ఆమె కీబోర్డు బోర్లా తిప్పి మూత తీసింది. రెండు పెన్సిల్ సెల్లులు, పక్కపక్కన. తిరగబడి ఉన్నాయేమో చూసింది. సరిగ్గానే ఉన్నాయి. బయటికి తీసి చీరకొంగుకు తుడిచి, అరచేతుల మధ్య రుద్ది మళ్లీ పెట్టింది. లైటు లేదు.

కంపెనీ లాయరు కాలు మీద కాలేసుకుని చేతి గడియారం చూసుకున్నాడు. "ఆధునికం అంటే ఇదేనా అమ్మా? రాయడం తక్కువ, రుద్దడం ఎక్కువ."

అతని జూనియర్లు ఇద్దరూ నవ్వారు. ముసలాయన మాత్రం నవ్వుకు ఖర్చుపెట్టే ఊపిరి లేక, బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాడు.

ఆమె గోడ వైపు చూసింది. అక్కడ గడియారం ఉంది, దానికీ ఇలాంటి సెల్లే. "అన్నా, స్టూలెక్కి ఆ గడియారం దించు" అంది అటెండరుతో.

"గడియారం ఆపేస్తే పన్నెండు కాదనుకుంటున్నారా?" అన్నాడు లాయరు.

ముసలాయన కూతురు ఊరుకోలేదు. "మీ చేతికి ఒకటి ఉందిగా సార్. దాన్ని మీరు ఎలాగూ ఆగనివ్వరు."

గడియారం సెల్లు తీసి కీబోర్డులో ఒకదాని బదులు పెట్టింది. అక్కడ తీసిన సెల్లు గడియారంలో వేసింది. కీబోర్డు లైటు వెలగలేదు. గడియారం నడిచింది. అటెండరు మొహం వికసించింది. "చూశావా అక్కా, సెల్లు బాగానే ఉంది!"

"గడియారానికేం, చచ్చే సెల్లుతో కూడా నడుస్తుంది. అది రుజువు కాదు" అంది ఆమె. పదకొండేళ్లు సాక్ష్యాలు టైపు చేసిన మనిషి మరి. రెండు సెల్లుల్లో ఏది మంచిదో, ఏది కాదో తేలాలంటే కొత్త జత కావాలి. కొత్త జత స్టోరులో ఉంటుంది. స్టోరు అట్టడుగున, నేల అంతస్తులో. సమయం పదకొండూ ఇరవై ఐదు.

మెట్లు రెండేసి దిగింది. స్టోరు పెద్దాయన కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి రిజిస్టరు రాసుకుంటున్నాడు. చెడ్డవాడు కాదు. అయితే వస్తువు తప్పిపోతే తన పీక మీదికి వస్తుందన్న భయంతో ముప్ఫై ఏళ్లు బతికినవాడు.

"కొత్త సెల్లులు కావాలి పెద్దాయనా, సాక్షి కూర్చుని ఉన్నాడు."

"పాతవి ఇలా పెట్టు, కొత్తవి తీసుకెళ్లు."

ఆమె గుప్పిట తెరిచింది. ఆయన ఒక్కోటీ వెలుగులో పట్టి చూశాడు. ఇచ్చే ప్రతి సెల్లు మీదా ఏ హాలుకు, దేనికోసం ఇచ్చాడో పెన్నుతో రాసిపెట్టడం ఆయన అలవాటు.

"ఇది కీబోర్డుది. సరే. ఇదేంటి? ఇది గడియారంది. గడియారం సెల్లు తెచ్చి కీబోర్డు సెల్లు అడిగితే ఎలాగమ్మా?"

రెండో కీబోర్డు సెల్లు పైన గోడ మీద టిక్కు టిక్కుమంటోంది.

"రెండూ ఒకటే సెల్లు పెద్దాయనా! తర్వాత తెచ్చి ఇస్తా, నా మాట నమ్ము."

"నిన్ను నమ్మనా చెప్పు? రిజిస్టరే నమ్మదు."

ఆమె మెట్ల దగ్గరికి పరుగెత్తి, తల పైకెత్తి అరిచింది. "అన్నా! గడియారంలో సెల్లు పీకి కిందికి విసురు!"

రెండో అంతస్తు కటకటాల మీంచి అటెండరు తల కనిపించింది. సెల్లును చేతిరుమాల్లో ముడేసి వదిలాడు. అది మొదటి అంతస్తు గట్టుకు తగిలి, ఎగిరి, కింద ఇసుక బకెట్టులో పడింది. ఆమె ఇసుకలోంచి తీసి, ఊది, పెద్దాయన బల్ల మీద పెట్టింది. ఆయన దాని మీద రాత చదివి, తల ఊపి, కొత్త జత తీశాడు. వాటి మీద రాయడానికి పెన్ను మూత తీస్తుంటే ఆమె లాక్కున్నంత పని చేసి పరుగు తీసింది.

"సంతకం! సంతకం పెట్టకుండా వెళ్తున్నావు!" అని వెనక నుంచి కేక.

పదకొండూ నలభై ఒకటి. హాల్లోకి వచ్చేసరికి చెమటకు సెల్లులు చేతిలో జారుతున్నాయి. పెట్టింది. మూత వేసింది. స్విచ్చు జరిపింది.

లైటు వెలగలేదు.

సెల్లులు తీసి మళ్లీ నొక్కి పెట్టింది. లేదు.

కంపెనీ లాయరు లేచి, కోటు సవరించుకున్నాడు. "అధికారిగారూ, మేము ఓపికగానే ఉన్నాం. యంత్రం పనిచేయడం లేదు, టైపిస్టు సిద్ధంగా లేదు. దయచేసి వాయిదా ఇప్పించండి. ఆరు వారాలైతే మాకు అనుకూలం."

ఆరు వారాలు. ముసలాయన కూతురు తండ్రి వైపు చూసింది. ఆయన వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడో, ఊపిరి కోసం వేళ్లు బిగిస్తున్నాడో తెలియలేదు.

అధికారి పక్కనున్న డైరీ దగ్గరికి లాక్కున్నాడు. పెన్ను తీశాడు.

"అదేంటి సార్?" అంది కూతురు.

"వాయిదా తేదీ రాస్తున్నానమ్మా."

"చేత్తోనా?"

"కీబోర్డు లేదుగా, చేత్తోనే."

"వాయిదా చేత్తో రాస్తే చెల్లుతుంది, మా నాన్న మాట చేత్తో రాస్తే చెల్లదా?"

అధికారి పెన్ను గాల్లోనే ఆగింది.

"రూలు నేను పెట్టింది కాదమ్మా" అన్నాడు చివరికి. డైరీ మూయలేదు, రాయనూ లేదు. "పన్నెండు దాకా చూద్దాం."

పదకొండూ నలభై ఎనిమిది.

కొత్త సెల్లులకు కూడా లైటు వెలగలేదంటే తప్పు సెల్లుల్లో లేదు. సెల్లు నుంచి లోపలికి వెళ్లే దారిలో ఉంది. టకటకమ్మ సెల్లులు తీసి పక్కన పెట్టి, ఆ చిన్న గుంతను కిటికీ వెలుగుకు తిప్పింది. ఒక చివర స్ప్రింగులు, తళతళలాడుతున్నాయి. రెండో చివర చదును రేకులు. తుప్పు లేదు. అయినా పెన్సిల్ రబ్బరు తీసుకుంది. పాత టైపిస్టులందరికీ తెలిసిన కిటుకు అది, కంటికి కనపడని మసిని రబ్బరు ఎత్తేస్తుంది. స్ప్రింగులు రుద్దింది. రేకు మీద రబ్బరు పెట్టింది.

జారింది.

లోహం మీద రబ్బరు కాస్త పట్టి లాగుతుంది. ఇది గాజు మీద జారినట్టు జారింది. గోరుతో గీరింది. గోటి కింద సన్నటి పొర కదిలింది. సెల్లో టేపు! కళ్లు చికిలించి చూస్తే, ఇందాక కంగారులో పట్టించుకోనిది అప్పుడు కనిపించింది: గుంత అడుగున ఒక చిన్న తెల్ల చీటీ, దాని మీద స్టాకు నంబరు, చీటీ ఊడిపోకుండా పైనుంచి టేపు. ఆ టేపు కొస ఎగబాకి రేకును మొత్తం కప్పేసింది.

సరిగ్గా అప్పుడే స్టోరు పెద్దాయన ఆయాసపడుతూ రిజిస్టరు చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చాడు. సంతకం కోసం రెండు అంతస్తులు ఎక్కాడు.

"ఇది మీరు అంటించారా?" అంది ఆమె.

"నిన్న సాయంత్రం మీరంతా వెళ్లాక అంటించాం, అన్ని హాళ్లలోనూ" అన్నాడు ఆయన, కాస్త గర్వంగానే. "పైన అంటిస్తే మీ చేతులు తగిలి రెండు నెలల్లో నంబరు చెరిగిపోతోంది. పోయినసారి తనిఖీలో నాకు మెమో ఇచ్చారు. అందుకని ఈసారి చేతులు తగలని చోట పెట్టాం."

చేతులు తగలని చోటు! కరెంటు తగలాల్సిన చోటు అదేనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ ఆఫీసులో వస్తువు పనిచేస్తోందా అని ఆయన్ను ఎవరూ అడగరు. వస్తువు ఉందా, నంబరు ఉందా, అంతే.

ఆమె బ్లేడు తీసింది.

"ఆగమ్మా! అది పీకకు! స్టాకు చీటీ చింపడం నేరం. కమిటీ రావాలి, ముగ్గురు సంతకాలు పెట్టాలి. నీ కాంట్రాక్టు ఫైలు కూడా ఈ నెల్లోనే కదా వెళ్తోంది... ఆలోచించుకో."

బెదిరింపుగా అనలేదు. నిజంగా ఆమె మేలు కోరే అన్నాడు. అందుకే ఆ మాట ఇంకా గట్టిగా తగిలింది.

ఆమె అధికారి వైపు చూసింది. "సార్, పీకమంటారా?"

ఆయన కిటికీ వైపు తిరిగి బస్సులు చూస్తున్నాడు. అవునని అనలేదు, కాదని అనలేదు. పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్లకు ఇదొక విద్య.

బెంచీ మీద ముసలాయన దగ్గాడు. దగ్గు మొదలైతే ఆగదు. కూతురు వీపు నిమురుతూ, "నాన్నా, కాస్త... ఇంకాస్త" అంటోంది. పదకొండూ యాభై నాలుగు.

"పెద్దాయనా, రిజిస్టరు ఇలా ఇవ్వండి" అంది టకటకమ్మ. సెల్లుల గడిలో సంతకం పెట్టింది. దాని కిందే ఇంకో వరస రాసింది: చీటీ పీకినది నేనే, సాక్ష్యం కోసం. దానికీ సంతకం పెట్టింది. తర్వాత బ్లేడు మొనతో టేపు లేపి, వేళ్లతో పట్టి చర్రున లాగేసింది. టేపుతో పాటు చీటీ కూడా సగం చిరిగి వచ్చింది. సెల్లులు పెట్టింది. స్విచ్చు జరిపింది.

ఆకుపచ్చ లైటు వెలిగింది.

"సార్, సిద్ధం" అంది. గొంతు పెద్దదైపోయిందని ఆమెకే తెలిసింది.

సాక్షి ప్రమాణం తెర మీద పడేసరికి పదకొండూ యాభై ఎనిమిది. లాయరు తన గడియారం చూసుకుని, కోటు జేబులో చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

ముసలాయన మూడు మాటలకోసారి ఆగి చెప్పాడు. కాసేపటికి మేజా వైపు అనుమానంగా చూశాడు. "తల్లీ, రాస్తున్నావా? చప్పుడు లేదే."

"రాస్తున్నా తాతా. కొత్త మిషను, నోరు లేనిది. నువ్వు చెప్పు."

చెప్పాడు. షెడ్డులో దుమ్ము లాగే ఫ్యాన్లు నాలుగు. తనిఖీ వాళ్లు వచ్చే రోజు మాత్రమే నాలుగూ తిరిగేవి. మిగతా రోజుల్లో, దుమ్ముతో పాటు సరుకుకు పనికొచ్చే పొడి కూడా పోతోందని కట్టేసేవాళ్లు. ఆ స్విచ్చు పెట్టెకు తాళం, తాళంచెవి సూపర్‌వైజరు మొలతాడుకు. మూతికి కట్టుకోవడానికి నెలకో గుడ్డ. పదిహేడు మందిలో ఎవరు ఏ మిషను దగ్గర నిలబడేవారో, వాళ్ల దగ్గు ఎప్పుడు మొదలైందో ఒక్కొక్కరి పేరూ పెట్టి చెప్పాడు. చచ్చిపోయిన ముగ్గురి పేర్లు చెప్పేటప్పుడు మాత్రం నీళ్లు అడిగాడు. ఒకటీ నలభైకి పూర్తయింది. లాయరు ఎదురు ప్రశ్నలు రెండే అడిగాడు. వాయిదా దొరుకుతుందన్న ధీమాతో కాగితాలు తెచ్చుకోలేదు మరి. తొమ్మిది పేజీల సాక్ష్యం మీద ముసలాయన తొమ్మిది సంతకాలు పెట్టాడు.

ఆయన ఆ తర్వాత ఇల్లు కదల్లేదు. ఇప్పుడు మంచం మీద నుంచి లేవడం లేదు. కానీ ఆ తొమ్మిది పేజీలు ఫైల్లో ఉన్నాయి, ఇక వాటిని ఏ వాయిదా చెరపలేదు.

టకటకమ్మకు నాలుగో రోజున మెమో వచ్చింది, ఆఫీసు ఆస్తి గుర్తింపు చీటీని ధ్వంసం చేసినందుకు. మిగతా హాళ్లలో అదే టేపు వల్ల ఆగిపోయిన కీబోర్డులు మూడున్నాయి. వాటి సంగతి ఆ మెమోలో లేదు. ఆమె కాంట్రాక్టు ఫైలు ఇంకా సంతకం కోసం బల్ల మీదే ఉంది.

చదివి అయ్యో అనుకుని పేజీ తిప్పేయకండి. ఇలాంటి విచారణ హాళ్లు మీ దగ్గరా ఉన్నాయి. వాటిలో జనం కూర్చోవడానికి బెంచీలు ఉంటాయి, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు, అవి ఎప్పుడూ ఖాళీయే. చూసేవాళ్లు లేని చోట వాయిదా చాలా తేలిగ్గా దొరుకుతుంది. ఈ వారంలో ఒక్క పూట వెళ్లి కూర్చోండి. యంత్రం పాడైందని ఎవరైనా అంటే లేచి నిలబడి, సాక్ష్యం కాగితం మీద రాయమని అడగండి. ఆ ముసలాయన కూతురు అడిగిన ప్రశ్ననే ఒక ఉత్తరంగా రాసి, సంతకం పెట్టి, ఆ ఆఫీసు పెద్దకు పంపండి: వాయిదాకు చెల్లే చేతిరాత, సాక్ష్యానికి ఎందుకు చెల్లదు? జవాబు రాకపోతే ఇంకో ఉత్తరం రాయండి. పక్కింటివాళ్ల చేత కూడా రాయించండి.